చిరునామాకు విభక్తి

కెర్నెలు కోసం ఇన్‌లైన్ అసెంబ్లీ రాసేవారిలో ఒక పాత నమ్మకం ఉంది. మెమొరీ చిరునామాను తామే ఒక రిజిస్టరులో పెట్టించి, ఆ రిజిస్టరు చుట్టూ స్వహస్తాలతో చదరపు బ్రాకెట్లు గీస్తేనే కోడు తమ అదుపులో ఉంటుందనీ, అప్పుడే వేగంగా నడుస్తుందనీ వారి విశ్వాసం. నేనూ చాలాకాలం ఆ మతంలోనే ఉన్నాను. ఇప్పుడు లేను. చిరునామాను కూర్చే పని కంపైలరుది. ఆ చిరునామాతో మన ఆదేశానికి ఉన్న సంబంధమేమిటో ఉన్నదున్నట్టు చెప్పే పని మనది. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే వేగమూ దక్కదు, కోడు మీద నమ్మకమూ దక్కదు. ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఈ మాట దగ్గరకు రావడానికి నేను ఒక తప్పు చేయవలసివచ్చింది. ఆ తప్పుకు నింద మరొకరు మోయవలసివచ్చింది. అందుచేత కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందుగా, ఈ విద్యతో పరిచయం లేని చదువరుల కోసం నాలుగు మాటలు. మన ఊళ్ళలో ఇల్లు ఎక్కడో ఎలా చెబుతామో గుర్తు తెచ్చుకోండి. "రామాలయం దాటాక నాలుగో ఇల్లు" అంటాం. రామాలయం ఆధారం, నాలుగు దూరం. ప్రాసెసరుకు కూడా మెమొరీలో చోటు చెప్పే తీరు ఇదే. ఎక్స్86 కుటుంబంలో ఒక ఆధార రిజిస్టరు, 1, 2, 4, 8లలో ఒకదానితో హెచ్చించిన సూచిక రిజిస్టరు, వీటిపైన ఒక స్థిరమైన దూరం, ఈ మూడింటినీ కలిపి ఒకే ఆదేశంలో చిరునామాగా ఇవ్వవచ్చు. ఆ దూరం -128కీ 127కీ నడుమ ఉంటే ఒక్క బైటులో ఇముడుతుంది, లేకుంటే నాలుగు బైట్లు పడుతుంది. 64 బిట్ల అవతారంలో, అమలవుతున్న ఆదేశం నుంచి దూరం లెక్కగట్టి చిరునామా చెప్పే పద్ధతి కూడా వచ్చి చేరింది. 64 బిట్ల ఆర్మ్‌లో కేవలం ఆధారం, ఆధారానికి స్థిరమైన దూరం, ఆధారానికి మరో రిజిస్టరు కలిపినవి ఉన్నాయి. ఇవికాక, మెమొరీని తాకుతూనే ఆధార రిజిస్టరును కూడా ముందుకు జరిపే 'రైట్‌బ్యాక్' పద్ధతులున్నాయి. వీటన్నిటిలో సొగసు ఒక్కటే: కూడిక కోసం వేరే ఆదేశం అక్కరలేదు, మెమొరీని తాకే ఆదేశమే ఆ కూడికను తన కడుపులో పెట్టుకుంటుంది.

ఇక ఇన్‌లైన్ అసెంబ్లీ. సీ భాషలో రాసిన ఫంక్షను నడుమ మనం ఒకటి రెండు యంత్రాదేశాలను చొప్పిస్తాం. ఆ ఆదేశాల అర్థం కంపైలరుకు తెలియదు. దాని దృష్టిలో అది అంటించిన కవరు. లోపలి ఉత్తరాన్ని అది చదవదు. కవరు మీద మనం రాసిన అక్షరాలనే చదువుతుంది. ఆ అక్షరాలను జీసీసీ పరిభాషలో కన్‌స్ట్రెయింట్లు అంటారు. నేను వాటిని నియమాక్షరాలు అంటాను. 'ఆర్' అంటే ఈ విలువను ఏదో ఒక రిజిస్టరులో పెట్టమని. 'ఎమ్' అంటే ఇది మెమొరీలోని వస్తువు, దాని చిరునామాను నీకు వీలైన పద్ధతిలో రాసుకొమ్మని. 'ఐ' అంటే ఇది స్థిరసంఖ్య అని. ముందు సమానార్థక చిహ్నం ఉంటే దీనిలో రాస్తున్నామని, కూడిక చిహ్నం ఉంటే చదివి రాస్తున్నామని.

ఈ అక్షరాలను చూసినప్పుడల్లా నాకు మన విభక్తులు జ్ఞాపకం వస్తాయి. "రాముడు రావణుని చంపెను" అన్నా, "రావణుని రాముడు చంపెను" అన్నా, "చంపెను రాముడు రావణుని" అన్నా చచ్చినవాడు మారడు. ఎవరు కర్త, ఎవరు కర్మ అన్నది విభక్తి చెబుతోంది గనుక పదాలను అటూ ఇటూ జరుపుకునే స్వేచ్ఛ మనకు దక్కింది. విభక్తి తీసేసి "రాముడు రావణుడు చంపెను" అనండి. ఇక వరుసను నమ్ముకోవడం తప్ప గతిలేదు. వరుస మారితే కథే మారిపోతుంది. కంపైలరు చేసే ఉపకారమంతా వరుసలు మార్చడంలోనే ఉంది. నియమాక్షరం సరిగా ఉంటే అది ఎంత మార్చినా అర్థం చెడదు. లేకపోతే, అది మార్చనంతకాలం మన అదృష్టం.

మొదట వేగం సంగతి చూద్దాం. ఒక స్ట్రక్చరులో 24వ బైటు దగ్గర ఉన్న ఒక క్షేత్రంలో మన అసెంబ్లీ ఆదేశం రాయాలనుకుందాం. స్ట్రక్చరు చిరునామా అప్పటికే ఒక రిజిస్టరులో ఉంది. మనం క్షేత్రం చిరునామాను 'ఆర్'గా అడిగి బ్రాకెట్లు గీశామంటే, కంపైలరు ముందుగా ఆధారానికి 24 కలిపి, ఆ మొత్తాన్ని మరో రిజిస్టరులో పెట్టి, అప్పుడు మన చేతికిస్తుంది. ఒక ఆదేశం ఎక్కువ, ఒక రిజిస్టరు ఎక్కువ. 'ఎమ్' అని అడిగితే ఆధారం, 24 అనే దూరం రెండూ మన ఆదేశంలోనే నేరుగా ఇమిడిపోతాయి.

ఒక కూడికకు ఇంత రాద్ధాంతమా అనవచ్చు. కూడిక కన్నా పెద్ద ఖర్చు రిజిస్టరుది. 32 బిట్ల ఎక్స్86లో సాధారణ రిజిస్టర్లు ఎనిమిది, 64 బిట్లలో పదహారు. అందులో ఒకటి స్టాకుకే అంకితం. మనం అనవసరంగా ఒకటి పట్టుకుంటే, అక్కడ ఉన్న మరో విలువ స్టాకు మీదకు పోయి మళ్ళీ వెనక్కి రావలసివస్తుంది. మెమొరీ రాకపోకలను తగ్గించాలని అసెంబ్లీ రాసి, మనమే కొత్త రాకపోకలను సృష్టిస్తాం. పైగా కెర్నెలులో ఇటువంటి చిన్న ఫంక్షన్లు హెడరు ఫైళ్ళలో ఉంటాయి. పిలిచిన ప్రతిచోటా ఇన్‌లైన్ అవుతాయి. ఒకచోట రాసిన ఒక్క వృథా ఆదేశం వేలచోట్ల మొలుస్తుంది.

ఇంతవరకూ విన్న అనుభవజ్ఞులు ఒక ఆక్షేపణ చెబుతారు. అది సరైన ఆక్షేపణే. కంపైలరుకు తెలియని సంగతులు కెర్నెలు రచయితకు తెలుసు; దానికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే అది నిష్కపటంగానే కొంప ముంచగలదు అంటారు. దీనికి ఆర్మ్ ప్రపంచంలో చక్కటి ఉదాహరణ ఉంది.

32 బిట్ల ఆర్మ్ కెర్నెలులో పరికరాల రిజిస్టర్లలో రాసే మౌలిక ఫంక్షన్లు ఒకప్పుడు మామూలు సీ భాషలో, వోలటైల్ పాయింటరు ద్వారా రాసే వాక్యాలుగా ఉండేవి. చిరునామా ఎలా కూర్చాలో పూర్తిగా కంపైలరు ఇష్టం. వరుసగా నాలుగు చోట్ల రాయవలసివస్తే అది తెలివిగా రైట్‌బ్యాక్ పద్ధతిని ఎంచుకునేది: రాస్తూనే పాయింటరును జరుపుకుంటూ పోవడం. నిజమైన యంత్రం మీద అది లాభమే. అదే కెర్నెలు ఒక హైపర్వైజరు కింద అతిథిగా నడుస్తున్నప్పుడు కథ వేరు. అక్కడ పరికరం నిజంగా ఉండదు. దాని చిరునామాలో రాయబోగానే ప్రాసెసరు ఆగి, పగ్గాలు హైపర్వైజరుకు అప్పగిస్తుంది. ఏ రిజిస్టరులోని విలువ, ఎన్ని బైట్లు, రాయడమా చదవడమా అన్న వివరాలు కూడా ఒక చీటీ మీద రాసి ఇస్తుంది. హైపర్వైజరు ఆ చీటీ చూసి పరికరాన్ని అభినయిస్తుంది. అయితే ఆగిపోయిన ఆదేశం రైట్‌బ్యాక్ పద్ధతిలో ఉంటే ప్రాసెసరు ఆ వివరాలు ఇవ్వదు. అప్పుడు హైపర్వైజరు అతిథి మెమొరీలోకి తానే వెళ్ళి, రెండంచెల చిరునామా పట్టికలను తిరగేసి, ఆ ఆదేశాన్ని వెతికి విప్పి చూడాలి. ఈలోగా ఆ పట్టికలు మారిపోకుండా అతిథి ప్రపంచాన్నంతా ఆపి ఉంచాలి. కంపైలరు ఒక కూడికను మిగిల్చింది. దాని ఫలితంగా ఒక యంత్రమంతా నిలబడిపోయింది.

2012లో ఆ ఫంక్షన్లను ఇన్‌లైన్ అసెంబ్లీలోకి మార్చి దీన్ని సరిదిద్దారు. ఎలా సరిదిద్దారన్నదే ఇక్కడ ముఖ్యం. చిరునామాను తమ చేతుల్లోకి లాక్కోలేదు. 'క్యూ', 'ఓ' అనే రెండు నియమాక్షరాలను కలిపి వాడారు. మొదటిది ఆధార రిజిస్టరు మాత్రమే ఉన్న చిరునామా. రెండవది స్థిరమైన దూరంతో జరపడానికి వీలైన చిరునామా. రెండూ కలిస్తే వచ్చే అర్థం: "నీ ఇష్టం వచ్చినట్టు కూర్చుకో, కానీ ఆధారాన్ని జరిపే పద్ధతి జోలికి మాత్రం పోకు." కంపైలరుకు తెలియని ఒకే ఒక్క సంగతిని అక్షరంగా మలచి చెప్పి, మిగిలిన స్వేచ్ఛను దానికే వదిలేశారు.

అదే 2012లో కెర్నెలులో చేరిన 64 బిట్ల ఆర్మ్ మరింత జాగ్రత్తపడింది. అక్కడ 'ఆర్', చుట్టూ బ్రాకెట్లు. రైట్‌బ్యాక్ భయం లేదు, నిజమే. కానీ దూరంతో చెప్పే నిరపాయమైన పద్ధతి కూడా పోయింది. పరికరంలో వరుసగా ఉన్న నాలుగు రిజిస్టర్లలో రాయాలంటే నాలుగు రాతలకు తోడు మూడు కూడికలు. దాదాపు పన్నెండేళ్ళు అలాగే సాగింది. 2024లో రాసే ఫంక్షన్లకు ఆ పాత జంట నియమాక్షరాలనే తెచ్చిపెట్టారు. దూరాలు ఆదేశంలోనే ఇమడసాగాయి. స్థిరమైన దూరంతో చెప్పిన చిరునామాకు ప్రాసెసరు ఇచ్చే చీటీలో లోటేమీ ఉండదు గనుక హైపర్వైజరుకు ఇబ్బంది లేదు. చదివే ఫంక్షన్లను మాత్రం ముట్టుకోలేదు. కొన్ని ప్రాసెసర్లలోని ఒక దోషాన్ని దాటడానికి అక్కడ కెర్నెలు బూటు సమయంలో చదివే ఆదేశాన్ని మరొక దానితో మార్చవలసివస్తుంది. ఆ మారు ఆదేశానికి దూరం చెప్పే వీలు లేదు, ఆధారం మాత్రమే చెల్లుతుంది. కనుక అక్కడ 'ఆర్', బ్రాకెట్లు సముచితమే.

ఈ ఒక్క ఉదంతంలో మూడు వైఖరులున్నాయి. ఏమీ చెప్పకుండా కంపైలరుకు వదిలేయడం, భయపడి అంతా మనమే పట్టుకోవడం, తెలిసినంత చెప్పి తక్కినది వదలడం. మూడవదే విద్య అని నా అభిప్రాయం. అది మొదటి రెండింటికన్నా కష్టం, ఎందుకంటే అందుకు మనకు తెలిసినదేమిటో కచ్చితంగా తెలిసి ఉండాలి.

ఇక నా తప్పు సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక డ్రైవరు కోసం 64 బైట్ల డిస్క్రిప్టరును పరికరపు మెమొరీలోకి నకలు చేసే చిన్న ఫంక్షను రాశాను. జంట రిజిస్టర్లతో నాలుగుసార్లు చదవడం, నాలుగుసార్లు రాయడం, మొత్తం ఎనిమిది ఆదేశాలు. రెండు చిరునామాలనూ 'ఆర్'గా తీసుకున్నాను. బ్రాకెట్లు నేనే గీశాను, దూరాలు నేనే వేశాను. ఎంతో ముచ్చటపడ్డాను కూడా. ఆ చిరునామాల దగ్గర ఉన్న మెమొరీని నేను చదువుతున్నానని గానీ రాస్తున్నానని గానీ కవరు మీద ఎక్కడా రాయలేదు. కంపైలరుకు తెలిసిందల్లా ఈ కవరులోకి రెండు సంఖ్యలు వెళ్ళాయని. ఆ సంఖ్యలు చిరునామాలనీ, వాటి వెనుక సరుకు ఉందనీ దానికెవరు చెప్పారు?

ఆ ఫంక్షను వేరే ఫైలులో ఉన్నంతకాలం నిక్షేపంగా పనిచేసింది. పిలిచేవారు డిస్క్రిప్టరును స్టాకు మీద తయారుచేసి దాని చిరునామా పంపేవారు. తన కంటికి కనబడని ఫంక్షను ఆ చిరునామాతో ఏమైనా చేయవచ్చు గనుక, కంపైలరు అంతకుముందు చేసిన రాతలన్నిటినీ బుద్ధిగా పూర్తిచేసి మరీ పిలిచేది. నా అబద్ధాన్ని ఫైలు సరిహద్దు కాపాడుతూ వచ్చింది.

మా బృందంలో కొత్తగా చేరిన ఒక యువకుడు, పిలుపు ఖర్చు తగ్గుతుందని దాన్ని హెడరు ఫైలులోకి మార్చాడు. మార్పులో వీసమెత్తు తప్పు లేదు. కానీ ఇప్పుడు కంపైలరుకు అంతా కనబడసాగింది. డిస్క్రిప్టరులో విలువలు రాస్తున్నారు. తరువాత వాటిని చదివేవారు ఎవరూ లేరు. అయితే ఈ రాతలెందుకని కొన్నిచోట్ల వాటిని తీసేసింది. పరికరానికి స్టాకు మీది పాత చెత్త వెళ్ళింది. అడపాదడపా ప్యాకెట్లు పోసాగాయి. అతని మార్పును వెనక్కి తీసుకోగానే జబ్బు తగ్గింది. అందరమూ, నాతో సహా, అతని వైపే చూశాం. "సరిగా పరీక్షించకుండా మార్చాను, పొరపాటు నాదే" అని అతను రాసిచ్చాడు. నేను పెద్దరికంగా భుజం తట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తట్టడమే ఎక్కువ బాధిస్తుంది.

కొన్ని నెలల తరువాత, ఫైళ్ళ సరిహద్దులు దాటి ఇన్‌లైన్ చేసే పద్ధతిలో బిల్డు మొదలుపెట్టినప్పుడు అదే జబ్బు తిరిగి వచ్చింది. ఈసారి నింద మోయడానికి ఎవరూ దొరకలేదు. మూడు రాత్రులు కంపైలరు పుట్టించిన కోడు చదివాక దోషం నా ఎనిమిది ఆదేశాల దగ్గర తేలింది. ఆ ఉదయమే అతని దగ్గరకు వెళ్ళి చెప్పాను. అతను నవ్వి ఊరుకున్నాడు. సవరణతోపాటు పెట్టిన వివరణలో తప్పు ఎవరిదో స్పష్టంగా రాశాను. రాయకపోతే పాత చరిత్ర అతని పేరుమీదే ఉండిపోయేది.

సవరణకు రెండు మార్గాలున్నాయి. మొదటిది 'మెమొరీ' అనే మాటను క్లాబరు జాబితాలో చేర్చడం. అంటే ఈ ఆదేశం మెమొరీలో ఎక్కడైనా చదవవచ్చు, ఎక్కడైనా రాయవచ్చు అని చెప్పడం. అది నిజమే గానీ మోతాదు మించిన నిజం. అంతవరకూ రిజిస్టర్లలో దాచుకున్న మెమొరీ విలువలను కంపైలరు మరచిపోయి, మళ్ళీ తెచ్చుకోవలసి ఉంటుంది. రెండవది, ఆ 64 బైట్లనూ ఒకే వస్తువుగా చూపే రకాన్ని నిర్మించి, దాన్ని 'ఎమ్' ఆపరాండుగా జతచేయడం. ఆదేశాలలో ఆ ఆపరాండును వాడకపోయినా ఫరవాలేదు. ఈ 64 బైట్లు చదువుతున్నాను, ఆ 64 బైట్లలో రాస్తున్నాను అన్న సమాచారం చేరితే చాలు. నేను రెండవది ఎంచుకున్నాను.

ఇటువంటి పొరపాట్లు నా బోటివారికే పరిమితం కావు. కెర్నెలులో బిట్లను వెలిగించి ఆర్పే ఫంక్షన్లు ఎన్నడూ ఖాళీగా ఉండవు. ఎక్స్86లో బిటు సంఖ్యను రిజిస్టరులో ఇచ్చి, మెమొరీ ఆపరాండు మీద ప్రయోగించే ఆదేశానికి ఒక విచిత్ర గుణం ఉంది. మనం చూపించిన పదం దగ్గరే అది ఆగదు. బిటు సంఖ్య పెద్దదైతే దానికి తగినంత దూరం తానే నడిచిపోయి అక్కడ తాకుతుంది. అంటే చిరునామా లెక్కలో కొంతభాగం కవరు లోపలే జరుగుతోంది. నియమాక్షరం మాత్రం ఒక్క పదాన్నే తాకుతున్నానని చెబుతూ ఉండేది. 2019లో దీన్ని సవరించారు. ఎంత దూరం పోతుందో చెప్పగల నియమాక్షరం లేదు గనుక 'మెమొరీ' క్లాబరు పెట్టారు. మొదటి పదాన్ని తప్పక రాస్తామన్న మాటను తొలగించి, చిరునామాను కేవలం చదివే పక్కకు మార్చారు. ఫలితంగా వందకు పైగా ఫంక్షన్ల పరిమాణం కొంచెం పెరిగింది. అయినా ఆ సవరణను స్వీకరించారు. సత్యానికి ఆ కొద్ది బైట్లు చెల్లించడం సబబే అని నేనూ అంటాను.

నిజం చెప్పినా నష్టపోయే సందర్భాలు లేవా? ఉన్నాయి. 'ఆర్', 'ఎమ్' రెండూ కలిపి "రిజిస్టరైనా సరే, మెమొరీ అయినా సరే" అని చెప్పవచ్చు. జీసీసీ పరిస్థితిని బట్టి ఎంచుకుంటుంది. క్లాంగు చాలా ఏళ్ళపాటు ఇలా చెప్పినప్పుడు మెమొరీనే ఎంచుకుంటూ వచ్చింది. రిజిస్టరులో ఉన్న విలువను సైతం స్టాకు మీద రాసి అక్కడినుంచి చదివించేది. 2024లో కెర్నెలులో దీనికి ఒక మాక్రో పెట్టారు. జీసీసీకి రెండక్షరాలూ ఇస్తారు, క్లాంగుకు 'ఆర్' ఒక్కటే ఇస్తారు. ఇది నా వాదానికి విరుద్ధమని నేననుకోను. అక్కడ అబద్ధమేదీ లేదు, ఇచ్చిన స్వేచ్ఛను కాస్త కుదించారు, అంతే. పైగా ఆ కుదింపు ఒకేచోట, ఒక పేరుతో, కారణం రాసి ఉంది. కంపైలరు బాగుపడిన రోజున ఒక్క వాక్యం మారిస్తే చాలు. అదే కుదింపును ప్రతివారూ తమ తమ ఫంక్షన్లలో చదరపు బ్రాకెట్ల రూపంలో దాచుకుని ఉంటే ఎవరు వెతికి తీయగలరు?

ఇంకొక మెట్టు పైకి వెళితే, ఇన్‌లైన్ అసెంబ్లీని మెరుగుపరచే ఉత్తమ మార్గం ఒక్కోసారి దాన్ని తీసివేయడమే. 64 బిట్ల ఎక్స్86 కెర్నెలులో ప్రతి ప్రాసెసరుకూ సొంత ప్రతి ఉండే చరరాశులను జీఎస్ సెగ్మెంటు ద్వారా చేరుకుంటారు. అందుకు చిరకాలం అసెంబ్లీయే దిక్కు. 2023లో అక్కడి చిరునామాలను పూర్తి విలువగా కాక ఆదేశానికి సాపేక్షంగా చెప్పేలా మార్చారు. మార్చిన ప్రతి ఆదేశానికీ లాభం ఒక్క బైటు. నవ్వకండి, ఒక్కొక్క బైటూ కలిసే కెర్నెలు అయింది. అయితే అంతకన్నా పెద్ద మేలు వేరే దారిన వచ్చింది. సెగ్మెంటును రకంలో భాగంగా చెప్పే వీలును జీసీసీ 2016లో తన 6వ విడుదలలో ఇచ్చింది. ఆ తరువాతి ఏళ్ళలో కెర్నెలు దాన్ని స్వీకరించింది. అప్పటినుంచి అటువంటి చరరాశిని చదవడం కంపైలరుకు మూసిన కవరు కాదు. కూడిక ఆదేశంలోనే ఆ చిరునామాను నేరుగా ఇమడ్చగలదు. రెండుసార్లు చదవనక్కరలేని చోట ఒక్కసారే చదవగలదు. అసెంబ్లీలో ఎంత నేర్పు చూపినా దక్కని ఫలితం, ఉత్తరాన్ని విప్పి చూపడం వల్ల దక్కింది.

"మేము కొలిచి చూశాం, మా బ్రాకెట్ల కోడే వేగంగా ఉంది" అనేవారు కూడా ఉన్నారు. కొలవడం మంచిదే, కొలవకుండా మాట్లాడడం కన్నా వెయ్యిరెట్లు మేలు. కానీ ఆ కొలత ఏ యంత్రం మీద, ఏ కంపైలరుతో? కెర్నెలు కోడు ఆయుర్దాయం కంపైలర్ల ఆయుర్దాయం కన్నా పెద్దది. కెర్నెలు కట్టడానికి కావలసిన కనీస జీసీసీని 2021లో 5.1కి, 2025లో 8.1కి పెంచారు. ఒకే వాక్యం పాత కంపైలరు చేతిలోనూ కొత్త కంపైలరు చేతిలోనూ, జీసీసీ చేతిలోనూ క్లాంగు చేతిలోనూ పడవలసిందే. నిన్నటి కొలత నేటి కంపైలరును బంధించదు. నియమాక్షరం మాత్రం అందరినీ బంధిస్తుంది. కనుక కొలత చూసి నియమాక్షరాన్ని దిద్దండి గానీ, కొలత చూసి నియమాక్షరాన్ని ఎగ్గొట్టకండి.

ఆచరణలో నేను ఇప్పుడు పాటిస్తున్నది చెప్పి ముగిస్తాను. అసెంబ్లీ రాయకుండా పని జరుగుతుందా అని ముందు చూస్తాను. తప్పనిసరి అయితే మొదట 'ఎమ్' రాస్తాను. ఆ ఆదేశం అన్ని చిరునామా పద్ధతులనూ ఒప్పుకోదంటే, ఉదాహరణకు ఆర్మ్‌లో పరమాణు క్రియలకు వాడే ప్రత్యేక చదువు రాతల ఆదేశాలకు ఆధారం ఒక్కటే చెల్లుతుంది, 'క్యూ' వంటి ఇరుకైన అక్షరానికి దిగుతాను. 'ఆర్', బ్రాకెట్లు చివరి మజిలీ. అక్కడికి చేరితే ఎందుకు చేరానో పైన రెండు వాక్యాలు రాస్తాను, తాకే మెమొరీ ఎంతో వేరుగా ప్రకటిస్తాను. చివరగా, ఆ ఫంక్షను ఇన్‌లైన్ అయిన ఒకటి రెండు చోట్ల పుట్టిన కోడును కళ్ళారా చదువుతాను.

మీలో కెర్నెలు పనిలో ఉన్నవారు ఈ వారాంతంలో ఒక గంట తీరిక చేసుకుని, మీరు రాసిన పాత అసెంబ్లీ వాక్యాలలో చదరపు బ్రాకెట్లున్న చోట్లు వెతకండి. ప్రతిచోటా ఆ రిజిస్టరు వెనుక ఉన్న మెమొరీ సంగతి కంపైలరుకు చెప్పారో లేదో చూడండి. నాలాగే చెప్పని వాక్యం ఏదైనా దొరికితే, దాని చరిత్ర కూడా ఒక్కసారి తిరగేయండి. మీ వాక్యం పక్కనుంచి నడిచివెళ్ళినందుకు ఎవరైనా క్షమాపణ రాసిచ్చారేమో.